వజ్రాసనం: మోకాలి కంటే ముందు మీగాలు చూడండి

పొద్దున అయిదున్నరకి తిరుపతి కొర్లగుంటలో మా మిద్దె మీద యోగా క్లాసుకు చాపలు పరుస్తాం. అప్పటికి శేషాచలం ఇంకా చీకట్లోనే ఉంటుంది. మెట్ల దారి దీపాలు మాత్రం వరసగా పైకి పోతూ కనిపిస్తాయి. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పేది వజ్రాసనం. మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోవడమే కదా అని అందరూ ధైర్యంగా మొదలుపెడతారు. అర నిమిషం కాకముందే ముఖాలు మారిపోతాయి. "నా మోకాళ్లు అయిపోయాయి మేడం, ఇది నా వల్ల కాదు" అంటారు.

ఘాట్ రోడ్డులో ఏళ్ల తరబడి బస్సు నడిపి రిటైరైన ఒక పెద్దాయన కూడా సరిగ్గా ఇదే మాట అన్నారు. "సరే సార్, నొప్పి ఎక్కడుందో ఒక్క వేలు పెట్టి చూపించండి" అన్నాను. ఆయన వేలు మోకాలి దాకా పోనే లేదు. పాదం పైన, చీలమండకు ముందువైపు ఆగింది. మీగాలన్నమాట.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. వజ్రాసనం కుదరనివాళ్లలో చాలామందికి మొదట అడ్డుపడేది మీగాలు. ఈ ఆసనంలో పాదం పూర్తిగా వెనక్కి చాచుకుని, మీగాలు నేలకు ఆనాలి. నడిచేటప్పుడు, కుర్చీలో కూర్చున్నప్పుడు, బండి తోలేటప్పుడు పాదం అంతలా చాచుకునే పనే పడదు. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ బిగుసుకుపోతుంది. మీగాలు ఆనకపోతే పాదం పక్కకు ఒరుగుతుంది. పాదం ఒరిగితే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. మనం మోకాలిని తిట్టుకుంటాం. అందుకే ఈ పద్ధతిలో కూర్చోవడం కంటే ముందు పాదాల పని ఉంటుంది. దాన్ని దాటేయకండి.

ఎవరు ఆగాలి

మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు ఈ ఆసనం జోలికి పోవద్దు. మోకాల్లో లిగమెంటు గానీ, మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలాంటి భాగం) గానీ చిరిగిందని డాక్టరు చెప్పినవాళ్లు, మోకాలు వాచి వేడిగా ఉన్నవాళ్లు, ఈమధ్యే చీలమండ బెణికినవాళ్లు, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టిందని మందులు వాడుతున్నవాళ్లు కూడా అంతే. కీళ్లు అరిగాయని చెప్పించుకున్నవాళ్లు, వెరికోస్ వెయిన్స్ ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగండి. సరేనంటే ఎత్తు పెట్టుకుని, తక్కువసేపు కూర్చోవచ్చు. గర్భిణులు డాక్టరు ఒప్పుకుంటే మోకాళ్లు ఎడంగా పెట్టుకుని, పొట్ట మీద ఒత్తిడి లేకుండా, కాసేపే కూర్చోవాలి.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట విడిగా చెప్పాలి. ఎక్కువ కాలంగా షుగర్ ఉంటే అరికాళ్లలో స్పర్శ తగ్గిపోవచ్చు. మామూలు మనిషికి కాలు నలిగితే తిమ్మిరి రూపంలో కబురు అందుతుంది. స్పర్శ తగ్గినవాళ్లకు ఆ కబురే అందదు. అందుకని మీరు ఒంటి మాట మీద ఆధారపడకుండా గడియారం చూసి కూర్చోండి. ఒకటి రెండు నిమిషాలు చాలు. లేచాక మీగాళ్లు, మడమలు, వేళ్లు చూసుకోండి. చర్మం ఎర్రగా కమిలినా, పొక్కినా మళ్లీ కూర్చోకుండా డాక్టరుకు చూపించండి.

ముందు పాదాలు

కావలసిన సామాను అందరి ఇళ్లలోనూ ఉంటుంది. ఒక జంపఖానా లేదా యోగా మ్యాట్, రెండు మందపాటి దుప్పట్లు, ఒక తువ్వాలు, ఒక గట్టి దిండు. టైల్స్ మీద, బండల మీద నేరుగా కూర్చోవద్దు. మీగాలి ఎముకల మీద కండ లేదు, నేల గట్టిదనమంతా వాటికే తగులుతుంది. పరుపు మీద కూడా వద్దు, మోకాళ్లు ఒక్కొక్కటి ఒక్కో లోతుకు దిగిపోతాయి. బిగుతు జీన్స్ మోకాలి వెనక మడతలో నొక్కుతుంది. పంచె, పైజామా, వదులు చుడీదార్ ఏదైనా సరే. చీర కట్టుకునేవాళ్లు కుచ్చిళ్లు కాళ్ల కింద ముద్దగా పడకుండా ముందే సర్దుకోవాలి.

మొదట కాళ్లు ముందుకు చాపి కూర్చోండి. చేతులు పిరుదుల పక్కన నేల మీద ఆనించండి. రెండు పాదాలను మీవైపు లాగండి, తర్వాత వేళ్లు నేలను చూసేలా ముందుకు చాచండి. నెమ్మదిగా పదిసార్లు. ముందుకు చాచిన ప్రతిసారీ రెండు ఊపిరులు ఆగండి. వేళ్లను బలంగా ముడిస్తే అరికాలు పట్టేస్తుంది, కాబట్టి వేళ్లు వదులుగా ఉంచి చీలమండ దగ్గరే కదపండి. ఆ తర్వాత పాదాలను గుండ్రంగా అటు అయిదు, ఇటు అయిదు తిప్పండి.

ఇప్పుడు చంటిపిల్లలు పాకేటప్పుడు ఉన్నట్టు, చేతులు, మోకాళ్లు నేలకు ఆనించి ఉండండి. మీగాళ్లు నేలకు ఆనించండి. పిరుదులను మడమల వైపు నాలుగు వేళ్లంత మాత్రమే వెనక్కి జరపండి. మీగాలి దగ్గర లాగడం తెలుస్తుంది. అక్కడ మూడు ఊపిరులు ఉండి ముందుకు వచ్చేయండి. ఇలా అయిదారుసార్లు, ప్రతిసారీ ఇంకాస్త వెనక్కి. ఈ లాగడం వెడల్పుగా, మొద్దుగా ఉంటే మంచిదే. సూదితో గుచ్చినట్టు ఒకేచోట పొడిస్తే ఆగిపోవాలి.

మా క్లాసులో మొదటి వారమంతా ఇదే చేయిస్తాను. కొందరికి విసుగ్గా ఉంటుంది, "ఎప్పుడు కూర్చుంటాం మేడం?" అని అడుగుతారు. బస్సు నడిపిన పెద్దాయనకు ఈ ఒక్క పని మూడు వారాలు పట్టింది. ఆయన రాత్రి పూట టీవీ చూస్తూ కూడా పాదాలు చాచుకునేవారు. మూడు వారాల తర్వాత మీగాలికీ నేలకూ మధ్య పట్టే సందు సగానికి తగ్గింది.

కూర్చోవడం

మళ్లీ చేతులు, మోకాళ్లు నేలకు ఆనించిన స్థితిలోకి రండి. మోకాళ్లు కలిపి ఉంచవచ్చు, లేదా మధ్యలో పిడికిలి పట్టేంత సందు ఉంచవచ్చు. తొడలు లావుగా ఉన్నవాళ్లకు సందు ఉంటేనే సుఖం. వెనక రెండు బొటనవేళ్లు ఒకదానికొకటి తాకాలి. మడమలు కాస్త ఎడంగా బయటికి విచ్చుకోవాలి. అప్పుడు రెండు పాదాల మధ్య దోసిలి లాంటి చోటు ఏర్పడుతుంది. మనం కూర్చోవాల్సింది ఆ దోసిట్లో.

చేతుల మీద బరువు అలాగే ఉంచి, పిరుదులను నెమ్మదిగా వెనక్కి తీసుకుపోండి. పూర్తిగా కూర్చోకముందు ఒక చిన్న పని ఉంది. రెండు చేతులూ వెనక్కి పెట్టి, మోకాలి మడత దగ్గరి పిక్క కండను పట్టుకుని, కొంచెం కిందికీ బయటికీ సర్దండి. పిక్కలు మడతలో ఇరుక్కుంటే మోకాలు పూర్తిగా మూసుకోలేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఈ సర్దుబాటుతోనే చాలామంది "ఓ, ఇప్పుడు బాగుంది" అనేస్తారు.

తర్వాత బరువు వదలండి. బరువు రెండు మడమల మీద సమానంగా ఉందో లేదో గమనించండి. బండి తోలడం, ఒకే భుజానికి బ్యాగు తగిలించుకోవడం అలవాటున్న మన ఒళ్లు ఏదో ఒక పక్కకు వాలుతుంది. నడుమును విల్లులా లోపలికి వంచి ఛాతీ పొడుచుకు వచ్చేలా కూర్చోవద్దు. బొడ్డు కింది భాగాన్ని కాస్త లోపలికి తీసుకుంటే వెన్ను తనంతట తనే నిటారుగా నిలబడుతుంది. అరచేతులు తొడల మీద, మోచేతులు వదులుగా, గడ్డం నేలకు సమాంతరంగా. దవడ బిగించి ఉంటే వదిలేయండి. కాళ్లు నొప్పిగా ఉంటే మనకు తెలియకుండానే పళ్లు బిగిస్తాం.

ఊపిరి ముక్కుతోనే. పీల్చినప్పుడు కింది పక్కటెముకలు రెండు వైపులా విచ్చుకోవాలి, వదిలినప్పుడు నెమ్మదిగా దిగాలి. లెక్క పెట్టుకుంటే నాలుగు అంకెలు పీల్చడం, ఆరు అంకెలు వదలడం. ఊపిరి బిగబట్టే పరిస్థితి వచ్చిందంటే మీ కాళ్లకు ఆ రోజు అంతవరకే అని అర్థం.

మొదటి రోజు అర నిమిషం. వారానికి ఒక అర నిమిషం చొప్పున పెంచుకుంటూ పోతే రెండు నెలలు దాటేసరికి అయిదు నిమిషాలు అవుతుంది. రోజూ రెండుసార్లు రెండేసి నిమిషాలు కూర్చునేవాళ్లు, ఆదివారం ఒక్కరోజు ఇరవై నిమిషాలు పళ్లబిగువున కూర్చునేవాళ్ల కంటే తొందరగా ముందుకు పోతారు. నేను చూసినంతలో ఇందులో తేడా రాలేదు.

ఎక్కడ నొప్పి వస్తే ఏం పెట్టాలి

మీగాలు నొప్పిగా ఉంటే తువ్వాలును గట్టిగా చుట్టి, చీలమండ ముందువైపుకూ నేలకూ మధ్య ఉన్న సందులో పెట్టండి. సందు ఎంత ఉందో చుట్ట అంతే లావు ఉండాలి. వారం వారం చుట్ట సన్నబడుతూ పోతుంది.

మోకాలి ముందువైపు గానీ మడతలో గానీ ఒత్తిడిగా ఉంటే దుప్పటిని మడిచి పిక్కల మీద, మడమల దాకా పరిచి దాని మీద కూర్చోండి. మోకాలు పూర్తిగా మడవకుండా ఆగుతుంది. ఒక దుప్పటి చాలకపోతే రెండు.

అసలు కిందికే దిగలేనివాళ్లు గట్టి దిండును నిలువుగా పాదాల మధ్య పెట్టి, గుర్రం ఎక్కినట్టు దాని మీద కూర్చోవాలి. వంటింటి పీట ఉంటే దాని మీద దుప్పటి మడిచి వేసుకున్నా సరిపోతుంది, కాకపోతే పాదాలు పీటకు రెండు పక్కలా ఉండాలి. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టే ఒక అక్క మా క్లాసుకు వస్తుంది. రోజంతా బాసింపట్టు వేసుకుని కూర్చునే మనిషి, తుంటి భాగం చక్కగా వదులుగా ఉంది. అయినా మీగాలు మాత్రం ఆనేది కాదు. ఆమె నాలుగు నెలలు దిండు మీదే కూర్చుంది. బాసింపట్టులో పాదాలు చాచుకోవు కాబట్టి ఆ అలవాటు ఇక్కడ పనికి రాలేదు.

దిండు, దుప్పటి వాడడం నామోషీ అనుకునేవాళ్లకు నేను యోగనరసింహ స్వామిని గుర్తు చేస్తాను. తిరుమల ఆలయంలోనే ఆయన సన్నిధి ఉంది. యోగనరసింహ మూర్తుల మోకాళ్ల చుట్టూ ఒక పట్టీ కట్టి ఉంటుంది, దాన్ని యోగపట్టం అంటారు. ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడానికి ఆసరా అది. స్వామికే ఆసరా చెక్కారు మన శిల్పులు, మనకు దుప్పటి ఉంటే ఏం?

ఒక పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. మీ తొడల మీద, భుజాల మీద చేతులు పెట్టి కిందికి అదమనివ్వకండి. నేను నేర్చుకునే రోజుల్లో ఒక శిబిరంలో నేర్పేవారు నన్ను అలాగే అదిమారు. కుడి మోకాలి లోపలివైపు ఏదో పుటుక్కుమంది. మూడు నెలలు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి నా క్లాసులో ఎవరి కాళ్ల మీదా చెయ్యి వేయను. చూపిస్తాను, చెబుతాను, దుప్పటి అందిస్తాను, అంతే.

తిమ్మిరి, లేవడం

మోకాలి బయటివైపు, కొంచెం కిందుగా ఎముక బుడిపెలా తగులుతుంది. ఆ పక్కనుంచే పాదాన్ని పైకెత్తే నరం చర్మానికి చాలా దగ్గరగా పోతుంది. ఎక్కువసేపు కూర్చుంటే ఆ నరం నలిగి తిమ్మిరి ఎక్కుతుంది. కాస్త జివ్వుమనడం మామూలే, కాళ్లు చాపితే పోతుంది. పాదం మొద్దుబారేదాకా కూర్చోవడం మాత్రం ప్రమాదం. రోజూ గంటల తరబడి ఇలా కూర్చుని ఒక యువకుడు పాదం పైకెత్తలేని స్థితికి వచ్చిన సంగతి 1971లోనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. రోజుకు పది నిమిషాలు కూర్చునేవాళ్లు దానికి భయపడనక్కర్లేదు. తిమ్మిరిని ఓర్చుకోవడం సాధన అనే మాటను మాత్రం నమ్మకండి.

లేచేటప్పుడు చేతులు ముందుకు పెట్టి పిరుదులు ఎత్తండి. ఒక పక్కకు వాలి కాళ్లు ఒక్కొక్కటిగా ముందుకు చాపండి. మోకాళ్లను అరచేతులతో రుద్ది, పాదాలను విదిలించండి. రెండు పాదాల్లో స్పర్శ పూర్తిగా వచ్చిందని తెలిశాకే నిలబడండి. మొద్దుబారిన కాలితో ఠక్కున లేస్తే చీలమండ మెలి తిరిగి పడిపోతారు. పెద్దవాళ్లు పక్కన కుర్చీ ఉంచుకోవడం మంచిది.

భోజనం చేశాక

మిగతా ఆసనాలకు భోజనం తర్వాత మూడు నాలుగు గంటలు ఆగాలి. తిన్న వెంటనే చేయదగ్గదిగా మన సంప్రదాయం చెప్పేది వజ్రాసనాన్ని. కాళ్లకు పోయే రక్తం పొట్టకు మళ్లి అరుగుదల పెరుగుతుందని చాలామంది వివరిస్తారు. నేను అంత దూరం పోను. తిన్నాక పొట్టకు రక్తం ఎలాగూ ఎక్కువగా అందుతుంది. నాకు కనిపించే ప్రయోజనం ఇంకా సూటిగా ఉంది. మధ్యాహ్నం సంగటి ముద్ద, చెనిక్కాయల చట్నీ, పప్పు కడుపు నిండా తిని వెంటనే నడుం వాల్చేస్తే, కడుపులో పులుపు గొంతులోకి తన్నుకొస్తుంది. నిటారుగా కూర్చుంటే తిన్నది కిందే ఉంటుంది. సోఫాలో ఒదిగి కూర్చుంటే పొట్ట మడతపడి నొక్కుకుంటుంది, వజ్రాసనంలో ఆ మడత ఉండదు. గుండెల్లో మంటతో బాధపడేవాళ్లు రాత్రి భోజనం తర్వాత అయిదు నిమిషాలు వజ్రాసనంలో, ఆ తర్వాత ఇంట్లోనే అటూ ఇటూ కాసేపు నడిచి, పడక ఎక్కడానికి రెండు మూడు గంటలు ఆగితే తేడా తెలుస్తుంది. తిన్నాక కూర్చునేటప్పుడు ఊపిరి కసరత్తులు వద్దు, మామూలు ఊపిరే.

ఏం లాభం, ఎంతవరకు

వజ్రం అంటే రత్నమూ, ఇంద్రుడి ఆయుధమూ. పాత హఠయోగ గ్రంథాల్లో ఈ పేరు అన్నిచోట్లా ఒకే ఆసనానికి లేదు. హఠయోగ ప్రదీపికలో సిద్ధాసనానికే వజ్రాసనమని మరో పేరుగా చెప్పారు. ఘేరండ సంహితలో తొడలను వజ్రంలా గట్టిగా చేసి పాదాలను వెనక పక్కలకు పెట్టుకోమని ఉంది, మనం కూర్చునేది దానికి దగ్గర. నమాజులో కూర్చునే తీరూ, జపాన్‌వాళ్లు సెయిజా అని పిలుచుకునే తీరూ దాదాపు ఇలాంటివే.

నేను ధైర్యంగా చెప్పగలిగిన లాభాలు ఇవి: తొడ ముందు కండరాలు, చీలమండ, మీగాలు సాగుతాయి. పద్మాసనం వేయలేనివాళ్లకు వెన్ను నిటారుగా పెట్టుకునే సులువైన కూర్చునే తీరు ఇదే, ప్రాణాయామానికి, జపానికి బాగా పనికొస్తుంది. శశాంకాసనం, ఉష్ట్రాసనం, సుప్త వజ్రాసనం లాంటివన్నీ ఇక్కడినుంచే మొదలవుతాయి. కుర్చీలకు అలవాటుపడ్డ ఒంటికి నేల మీదికి దిగడం, నేల మీదనుంచి లేవడం మళ్లీ అలవాటవుతుంది. పెద్ద వయసులో ఇది చిన్న విషయం కాదు. నెమ్మదిగా పొడుగ్గా ఊపిరి వదలడంతో టెన్షన్ కూడా తగ్గుతుంది, ఆ మేలు ఊపిరిది. మోకాలి గుజ్జు మళ్లీ పెరుగుతుందని, షుగర్ మందులు మానేయవచ్చని ఎవరైనా చెబితే వినకండి. మందులు మానొద్దు.

కొండకు నడిచి వెళ్లొచ్చిన వారం

కొండకు నడిచి వెళ్లొచ్చాక వజ్రాసనం వేయవచ్చా? తిరుపతిలో ఉన్నాక ఈ ప్రశ్న రాకుండా ఉండదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఎక్కడం ఊపిరికి కష్టం, దిగడం మోకాళ్లకు కష్టం. నడిచే దిగినవాళ్లకు మర్నాడు తొడ ముందు కండరాలు రాయిలా బిగుసుకుంటాయి. అదే కండరాన్ని వజ్రాసనం సాగదీస్తుంది. అందుకని ఆ రోజు, మర్నాడు కూర్చోవద్దు. పాదాలు చాచే కసరత్తు మాత్రం పడుకునే చేయండి. మూడో రోజుకు నొప్పి తగ్గితే రెండు దుప్పట్ల మీద ఒక్క నిమిషం. అలిపిరి దారిలోని మోకాళ్ల పర్వతం దగ్గర, అక్కడ మోకాళ్లతో ఎక్కారని చెప్పుకునే రామానుజులవారిని తలుచుకుని, మోకాళ్లతో మెట్లెక్కే భక్తులు ఉంటారు. వాళ్ల మోకాలిచిప్పల మీది కమిలిక, వాపు పూర్తిగా పోయేదాకా ఈ ఆసనం అసలు వద్దు.

బస్సు నడిపిన పెద్దాయన ఇప్పుడు పొద్దున ఆరు నిమిషాలు, రాత్రి అన్నం తిన్నాక అయిదు నిమిషాలు కూర్చుంటారు. రెండు దుప్పట్లు ఒకటయ్యాయి, ఆ ఒకటి కూడా నాలుగు మడతల నుంచి ఒక మడతకు వచ్చింది. ఆ ఒక్క మడతా తీసేయమని నేను అడగలేదు, ఆయనా తీయలేదు.